రావు గారి మోటారుసైకిలుకు గాలి కంతల సీటు

1991 వేసవిలో నన్ను మస్కట్‌లోని హమ్రియాలో లేడీస్ టైలరింగ్ షాపు నుంచి పక్కనే ఉన్న సీటు కవర్ల షాపుకు మార్చారు. మార్చారు అనడం మర్యాదకు. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు తగ్గి మా షాపుకు తాళం పడింది. రెండు షాపులూ ఒకే అర్బాబ్‌వి. అర్బాబ్ అంటే మన వీసా చేతిలో పెట్టుకున్న ఒమానీ యజమాని. ఆయన గుమ్మంలోనే నిలబడి, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ, దుకాణాల హిందీలో తీర్పు చెప్పేశాడు. సీటు పని ఒకటి చేసి చూపించాలి. గిరాకీ మెచ్చుకుంటే వీసా కొత్తది చేయిస్తాడు. మెచ్చుకోకపోతే ఖలాస్, ఇంటికి టికెట్టు.

నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. రాజంపేట పక్క పల్లెలో పెళ్ళికి ముందు నుంచే జాకెట్లు కుట్టాను. మా చెల్లెలి దగ్గర వదిలి వచ్చిన ఇద్దరు పిల్లల తిండీ చదువూ నా సూది మీదే నడుస్తున్నాయి. కాబట్టి ఖలాస్ అనే మాట నేను వినదలచుకోలేదు.

సీటు షాపులో పెద్ద ఉస్తాద్, అంటే హెడ్డు మిస్త్రీ. అతని పేరు మస్తాన్, కడప మనిషి. వయసులో నాకంటే చిన్నవాడు గనుక అక్కా అనేవాడు. హోదాలో పెద్దవాడు గనుక అరిచేవాడు. మోటారుసైకిళ్ళ రిపేరు కూడా అతనే చూసేవాడు. నా హోదా మెషీను మనిషి. మగవాళ్ళ మధ్య ఆడమనిషి కనబడకూడదని మిగిలిన రెక్సిన్ ముక్కలతో ఒక తెర కుట్టుకుని దాని వెనక కూర్చునేదాన్ని. ఆ తెరకు కొత్త గుడ్డ కొందామని మస్తాన్ అంటే నేనే వద్దన్నాను. తెరకు అందమెందుకు?

నా పరీక్షకు దొరికిన గిరాకీ ప్రభాకరరావు గారు. విజయవాడ వైపు మనిషి. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో లెక్కలు కొలతలు చూసే ఇంజనీరు. దేశం వదిలి పోతున్న తెల్లదొర ఒకాయన దగ్గర పాత ఇంగ్లీషు మోటారుసైకిలు కొన్నారు. కొన్నప్పుడు అది నడిచేదట. ఆ తర్వాత ఆయనకు అభిరుచి పుట్టింది.

ప్రతి గురువారం సాయంత్రం డ్యూటీ దిగి, ఇస్త్రీ చొక్కాతో వచ్చి, మస్తాన్ స్టూలు మీద కూర్చుని ఆర్డర్లు వేసేవారు. వారమంతా కంపెనీలో పైవాళ్ళ ఆర్డర్లు వినే మనిషి గదా, ఇక్కడ లెక్క సరిచేసుకునేవారు. బండికి ఆకుపచ్చ వేయించారు. మళ్ళీ వచ్చి, ఇది ఆ ఆకుపచ్చ కాదని ఇంకో ఆకుపచ్చ వేయించారు. రెంటికీ తేడా ఆయనకూ దేవుడికీ తెలియాలి. హ్యాండిలు ఎంత ఎత్తు పెట్టించారంటే, ఎక్కి కూర్చుంటే దండెం మీద బట్టలు ఆరేస్తున్నట్టు ఉండేవారు. ఇత్తడి హారన్ పెట్టించారు, ఐసు బండి వాడిది. బండి నిలబడిన చోటల్లా నూనె కార్చేది.

"లీకు కట్టేస్తా సార్, ఒక్క పూట పని," అన్నాడు మస్తాన్.

"వద్దయ్యా! పాత ఇంగ్లీషు బండికి అదే లక్షణం. కారాలి. కింద ఒక ట్రే పెట్టు, అందమైనది చూసి."

మస్తాన్ ట్రే పెట్టాడు. అందులో చేరిన నూనెను నేను పారబోయనివ్వలేదు. నా మెషీను కింద గేర్లకు అదే వాడాను.

చివరికి వంతు సీటుకు వచ్చింది. రావు గారు విదేశీ పత్రికలోని బొమ్మ ఒకటి తెచ్చి నా తెర పక్కగా చేయి పెట్టి చూపించారు. అందులో సీటు అప్పడంలా పల్చగా ఉంది.

"చూడమ్మా, నాకు పర్సనల్ టేస్ట్ ఉంది. సరిగ్గా ఇంత పల్చగా ఉండాలి. స్పాంజి ఎక్కువైతే బండి గేదెలా కనబడుతుంది."

"కూర్చోడానికా సార్, చూడ్డానికా?" అని అడిగాను.

"ఏవమ్మా, నువ్వు కుట్టు. కూర్చునేది నేను కదా!"

తోలు ఆయనే తెచ్చారు. లండన్ నుంచి ఎవరి చేతో తెప్పించిన ఒకే ఒక్క చర్మం, బెల్లం రంగుది. ఇంకో ముక్క దొరకదని వెళుతూ వెళుతూ రెండుసార్లు చెప్పారు.

ఈ పని తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. సీటు అడుగున ఇనుప రేకు ఉంటుంది. దానిమీద స్పాంజి కోసి అంటిస్తారు. పాత కవరు కుట్లు విప్పి, ఆ ముక్కలనే కొలతగా పెట్టి కొత్త తోలు కోస్తారు. పైముక్కనూ పక్కముక్కలనూ లోపలి వైపు నుంచి కలిపి కుట్టి, తిరగేసి, స్పాంజి మీదకు లాగి, అంచులు రేకు కింద బిగిస్తారు. తోలు సూది మామూలు సూది కాదు. దాని కొన చిన్న చాకు. తోలును కోసుకుంటూ దిగుతుంది.

నేను మొదటిసారి తోలు కుట్టాను. కుట్టినదంతా జాకెట్టు కుట్టినట్టే కుట్టాను. మన దగ్గర జాకెట్టు ఏ టైలరూ లోపల గుడ్డ వదలకుండా కుట్టరు. పెళ్ళికూతురు పిల్లలతల్లి అయ్యాక ఆ జాకెట్టే విప్పి వదులు చేసుకోవాలి గదా. నా చేయి తనంతట తానే ప్రతి కుట్టు పక్కనా రెండు వేళ్ళ వెడల్పు తోలు లోపల వదిలింది. మస్తాన్ కవరు తిరగేసి చూసి పెద్దగా నవ్వాడు.

"ఏందక్కా ఇది? బండికి కూడా నెల తప్పుతాదా?"

"తప్పకపోతే లోపలే పడుంటాదిలే. కోసి పారేస్తే వస్తాదా?" అన్నాను.

"ఇంత మందం లోపల పెట్టుకుంటే బిగించేది ఎట్ల?"

తిడుతూనే బిగించాడు. సీటు బొమ్మలో ఉన్నట్టే వచ్చింది. రావు గారు సంతోషించి, మర్నాడు శుక్రవారం స్నేహితులతో రెండు గంటల దారిలో ఉన్న నిజ్వాకు బయలుదేరారు. వాళ్ళు కారులో ఏసీ వేసుకుని, ఈయన అప్పడం మీద.

శనివారం షాపు తీయగానే వచ్చారు. మస్తాన్ స్టూలు జరిపి కూర్చోమన్నాడు. అక్కర్లేదన్నారు. టీ తెప్పిస్తే అదీ నిలబడే తాగారు. తర్వాత గొంతు తగ్గించి, స్పాంజి మందం పెంచాలన్నారు. ఎంత అని అడిగితే, ఎంత పడితే అంత అన్నారు. పర్సనల్ టేస్ట్ ఊసు ఆ పూట రాలేదు.

"ఆ తోలే ఉండాలి. కొత్త కవరంటే నేను ఒప్పుకోను. సాయంత్రం మీ అర్బాబ్ ముందరే చూస్తాను," అని బండి అక్కడే వదిలి, నడుం పట్టుకుని టాక్సీ ఎక్కారు.

సాయంత్రం అర్బాబ్ వచ్చేది నా సంగతి తేల్చడానికే. మస్తాన్ నవ్వు ఆగిపోయింది. మందం స్పాంజి మీదకు ఆ కవరు ఎక్కదు. ఇంకో తోలు లేదు. నా చేయి వదిలిన రెండు వేళ్ళ తోలే ఉంది. కుట్లన్నీ విప్పి, అంచుకు దగ్గరగా కొత్త కుట్టు వేశాను. తడిగుడ్డతో తోలు మెత్తబరిచి లాగితే సరిగ్గా ఎక్కింది. తెర వెనక గర్వంగానే కూర్చున్నాను, మస్తాన్ సీటును వెలుతురులోకి తీసుకుపోయేదాకా.

"అక్కా! ఇట్ల రా. ఏం చేసినావో చూడు."

గుడ్డలో కుట్టు విప్పితే ఇస్త్రీతో కంతలు పూడుకుపోతాయి. తోలులో పూడవు. అది కోసిన కంత. పాత కుట్టు కంతలు కొత్త కుట్టుకు రెండు పక్కలా రెండు వరసలుగా, సీటు చుట్టూ చీమలు బారు తీరినట్టు కనబడుతున్నాయి. మైనం రుద్దాను, బూటు పాలిష్ పట్టించాను. ఇంకా నల్లగా, స్పష్టంగా కనబడ్డాయి.

"కంతలు కంతలు చేసి పెట్టినావు! నిన్నే కాదు, నన్ను కూడా విమానం ఎక్కిస్తాడు ఆ మనిషి."

"నాకు టికెట్టు కొనేవాడు నీకూ కొంటాడులే, ఒక్కదాన్నే పోకుండా తోడుంటావు," అన్నాను. నోరు అలా అంది గాని పిల్లల బడి ఫీజు గుర్తుకు వచ్చింది.

అంతలోనే అర్బాబూ రావు గారూ ఒకేసారి దిగారు. అర్బాబ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రావు గారు వంగి కంతల వరస మీద వేలు పెట్టారు. పెట్టి, చుట్టూ పోనిచ్చారు. మస్తాన్ నేల చూస్తున్నాడు. నేను తెర అంచు పట్టుకుని ఉన్నాను.

"ఇదేంటి?"

మస్తాన్ "స్పెషల్ సార్," అన్నాడు. అది ఎందుకు స్పెషలో అతనికే తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు, రావు గారే అందుకున్నారు.

"నాకు చెప్పకుండానే చేశారే! గాలి ఆడటానికి కదూ? ఇంగ్లండులో పాత బళ్ళకు ఇలాగే ఉండేవి. నేను పుస్తకంలో చదివాను." అని అర్బాబ్ వైపు తిరిగి హిందీలో మొత్తం వివరించారు: ఎండకు తోలు వేడెక్కుతుంది, కంతల్లోంచి గాలి పోతుంది, వస్తుంది, ఇది తెలిసిన పనివాళ్ళు ఇప్పుడు లేరు. తర్వాత సీటు మీద మెల్లగా కూర్చున్నారు. ముఖం విప్పారింది. అది స్పాంజి చలవ. ఆయన మాత్రం, "తెలుస్తోందయ్యా, చల్లగా తగులుతోంది," అన్నారు.

అర్బాబ్ కూడా వేలు పెట్టి చూశాడు. "జైన్, జైన్," అన్నాడు. బాగుందని. తర్వాత నా తెర వైపు చేయి చూపించి, "మదామ్ ఇధర్ రహేగా," అంటే ఇక్కడే ఉంటుందని మస్తాన్‌కు చెప్పి, తాళాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. నా వీసా కొత్తదైంది.

రావు గారు ఊరుకునే మనిషి కాదు. కంపెనీలో పాత బళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళందరినీ వెంటబెట్టుకు వచ్చి గాలి కంతలు చూపించారు. నెల తిరిగేసరికి ఎక్కడో సరిహద్దులో ఉన్న బురైమి నుంచి కూడా ఒకాయన బండి వేసుకు వచ్చి అవే కావాలన్నాడు. మెషీనుకు దారం తీసేసి, ఉత్త సూదితో కుట్టుకు రెండు పక్కలా రెండు వరసలు పొడిచి ఇచ్చాను. దారం ఖర్చు లేని పని నా ఉద్యోగంలో అదొక్కటే. మొదటి సీటు రావు గారు ఎలా చూసుకున్నారంటే, ప్రతి గురువారం మైనం రుద్ది రుద్ది కంతలన్నీ పూడ్చేశారు. గాలి ఇప్పటికీ ఆడుతోందనే చెప్పేవారు.

హమ్రియాలో ఆ తర్వాత ఏడేళ్ళు సీట్లు కుట్టాను. ఆ పని నుంచి నేర్చుకున్నది ఇది. తోలు మీద మొదటి కుట్టే చివరి కుట్టు. అందుకని ముందు పాత దుప్పటి ముక్కతో కవరు కుట్టి, స్పాంజి మీద తొడిగి, గిరాకీని దానిమీద ఎక్కించి, టీ తాగేంతసేపు కూర్చోబెట్టాలి. కదలకుండా కూర్చుంటేనే తోలుకు సూది తగిలించాలి. లేచి నిలబడి ఇంకా టేస్ట్ గురించి మాట్లాడితే మరో టీ తెప్పించాలి. లోపల తోలు వదలడం మాత్రం నేను మానలేదు. కంతలు ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే, గాలి ఆడటానికి అనే చెప్పాను.