తాళాలాయన డైరెక్ట్ ప్రార్థన

ఆయన వీధి మలుపు తిరగ్గానే ఇంట్లో తెలిసిపోతుంది. నడుముకు వేలాడే తాళాల గుత్తి ఆయనకంటే ముందే గడప తొక్కుతుంది. అద్దె ఇళ్ళు చూపించడం ఆయన వృత్తి. బోర్డు లేదు, ఆఫీసు లేదు. మందుల షాపు పక్క మెట్ల మీద కూర్చునేంత చోటు, చేతిలో అద్దం పగిలిన ఫోను, నడుముకు ఖాళీ ఇళ్ళ తాళాలు. అంతే సరంజామా. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో కరువయ్యారు. చుట్టుపక్కల నాలుగు వీధులకూ ఆయన తాళాలాయనే.

వయసులో ఉండగా ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఆ విద్య ఇప్పటికీ చేతిలోనే ఉంది. గోడకు అరచెయ్యి ఆనించి, వైద్యుడు నాడి చూసినట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు. లోపల చెమ్మ ఉంటే తెలిసిపోతుంది. తెలిసిందంతా చెప్పాలని లేదు కదా! చెమ్మ ఉన్న గదిని "చల్లగా ఉంటుందమ్మా" అంటాడు. రోడ్డు మీదికి ఉన్న గది "సందడిగా" ఉంటుంది. ఎండ రాని గది "కళ్ళకు హాయి". పిల్లలున్నవాళ్ళకు ఇల్లివ్వనని ఓనరు మొహం మీద తలుపు వేస్తే, "ఆయనకు పిల్లలంటే మహా ఇదండీ, మెట్ల మీద పడిపోతారేమోనని దిగులు" అని కిందికొచ్చి చెబుతాడు. ఆ మాటకు వాళ్ళు కరిగి, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకుంటామని కబురంపితే, ఓనరూ కరుగుతాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. తాళాలాయన నోటి పుణ్యాన ఆ నాలుగు వీధుల్లో ఎన్ని సంసారాలు కప్పు కిందికి చేరాయో చెప్పలేం.

అటువంటి మనిషి ఒక ఆదివారం, భోజనం చేసి చెయ్యి కడుక్కుని, దేవుడికీ మనిషికీ మధ్య ఎవరూ ఉండకూడదని ప్రకటించాడు.

ఆ ముక్క ఆయన సొంతం కాదు. తమ్ముడిది. తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక, ఏదో ప్రార్థన బృందంలో చేరాడు. ఇంజను విప్పినట్టే మతాన్నీ విప్పి, అక్కర్లేని భాగాలన్నీ పక్కన పెట్టేశాడు. ఆ పక్కన పెట్టినవాటిలో మొదటివాళ్ళు, మన మొర దేవుడికి చేరవేస్తారని చర్చిలో మొక్కే పునీతులు.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా అన్నయ్యా? మధ్యలో వీళ్ళంతా ఎందుకు? డైరెక్ట్‌గా అడగాలి."

"అడగందే అమ్మయినా పెట్టదు, నిజమే," అంది వదినగారు పళ్ళేలు తీస్తూ. "కానీ చిన్నబ్బాయ్, అమ్మ దగ్గరికి కూడా నువ్వు డైరెక్ట్‌గా వెళ్ళేవాడివి కాదట. రెండోసారి వడ్డించమనడానికి మీ అన్నయ్యని పంపేవాడివట. అత్తయ్య చెప్పేది."

అన్నగారికి పౌరుషం వచ్చింది.

"వాడన్నదాంట్లో తప్పేముంది? మనం చెబితే దేవుడికి వినపడదా?"

"మేడ మీద ఓనరు డైరెక్ట్‌గా పైనే ఉంటాడు. కింద గంట కూడా ఉంటుంది. మరి జనం మీ మెట్ల దగ్గరికి ఎందుకొస్తున్నారండీ?"

"అది వేరు."

"ఏం వేరు?"

"వాళ్ళకి ఓనరుతో ఎలా మాట్లాడాలో తెలీదు."

"నాకూ తెలీదు," అందావిడ. "దేవుడు పెద్దాయన. ఆయన్ని కసురుకోడానికి నాకు నోరు రాదు. ఈయన్నయితే ఓ మాట అనొచ్చు. పడతాడు."

ఈయన అంటే ముందుగది అలమర మీద ఉన్న పునీతుడి స్వరూపం. జానెడు ఎత్తు, విరిగితే జిగురు పెట్టి అతికించిన చిటికెన వేలు. పోయిన వస్తువులు వెతికిపెట్టడం ఆయన డ్యూటీ. ముప్ఫై ఏళ్ళుగా తాళాలాయన పోగొట్టుకున్న ప్రతి తాళాన్నీ వెతికిపెట్టింది ఆయనే. వెతకడం ఆలస్యమైతే ఆవిడ మొహమాటం లేకుండా ఆయన్ని గోడవైపు తిప్పి నిలబెట్టేది. "అట్లా నిలబడు, బుద్ధొస్తుంది" అనేది. తాళం సాధారణంగా విడిచిన చొక్కా జేబులోనే దొరికేది.

ఆ ఆదివారం తాళాలాయన తమ్ముడి ముందు తగ్గలేక, "ముందుగదిలో మాత్రం వద్దు" అనేశాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు గానీ, మాట పెదవి దాటిపోయింది. ఆవిడ ఒక చేత్తో పునీతుణ్ణీ, ఇంకో చేత్తో తన పీటనీ తీసుకుని వంటింట్లోకి నడిచింది. గిన్నెలు తోమే చోట గోడకున్న పలక మీద ఆయన్ని నిలబెట్టింది. పీట కింద వేసుకుంది. ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ప్రార్థనలు రెండయ్యాయి.

అసలు చిక్కు అక్కడే వచ్చింది.

ఆ ఇంటి సాయంత్రం ప్రార్థన ఏ పుస్తకంలోనూ లేదు. తాళాలాయన తల్లి కట్టుకున్నది. ఇంట్లో ఏదైనా జరిగినప్పుడల్లా ఆవిడ దానికో మాట కలిపేది. ఎవరైనా పోతే ఒక మాట, గండం గడిచితే ఒక మాట. చిన్నప్పుడు ఒకసారి సంతలో తమ్ముడు తప్పిపోయాడు. అన్న వాడి చెయ్యి వదిలేసి ఏదో చూస్తుండగా వాడు గుంపులో కలిసిపోయాడు. ఊరంతా వెతికితే చివరికి బట్టల కొట్టు బల్ల కింద హాయిగా నిద్రపోతూ దొరికాడు. ఆ రాత్రే పునీతుడి మాట ప్రార్థనలో చేరింది. తర్వాత్తర్వాత కోడలు అదంతా అత్తగారి పక్కన పీటేసుకుని నేర్చుకుంది. ఇంటి పెద్దగా తాళాలాయన మొదలుపెట్టేవాడు, గట్టిగా ఆమెన్ అనేవాడు. మధ్యలో జరిగేదంతా ఆవిడ గొంతు. ఈయన ఆ గొంతు వెనకాల, బండికి కట్టిన దూడలా, హుం హుం అంటూ వెళ్ళేవాడు.

ఈ సంగతి ఆయనకే తెలియదు. మొదటి సాయంత్రం ముందుగదిలో ఒక్కడే మోకరించి, గొంతు సవరించుకున్నాడు.

"పగటిని ఇచ్చిన దేవా, రాత్రినీ నువ్వే ఇవ్వు. ఈ కప్పు కింద ఉన్నవాళ్ళను కాయి. కప్పు లేనివాళ్ళను ముందు కాయి..."

ఆ తర్వాత?

చిన్నప్పట్నుంచీ రోజూ విన్న ప్రార్థన, మూడు వాక్యాల దగ్గర గోడలా నిలబడిపోయింది. వంటింట్లోంచి ఆవిడ గొంతు సన్నగా సాగిపోతోంది. తాళాలాయన మోకాళ్ళ మీదే రెండు జానలు జరిగి, చెవి తలుపువైపు పెట్టాడు. గుత్తి గల్లుమంది. లోపల గొంతు ఆగిపోయింది.

"ఏమైనా కావాలా అండీ?"

"అబ్బే, ఏం లేదు. ఇక్కడ... నేల సరిగా లేదు."

మర్నాటి నుంచి గుత్తిని విప్పి పక్కన పెట్టి మరీ ప్రార్థనకు కూర్చున్నాడు. ఆవిడ వంటింటి తలుపు కొంచెం తెరిచి ఉంచడం మొదలుపెట్టింది. పొగ పోవడానికట. ఆ రోజు పొయ్యే వెలిగించలేదు. ఈయనకు నాలుగో వాక్యం లీలగా వినపడింది, ఐదోది వినపడేలోపు కుళాయి విప్పిన చప్పుడు. కావాలని విప్పిందో, గిన్నె కడగడానికి విప్పిందో ఈ రోజుకీ ఆవిడ చెప్పలేదు. వాక్యాలు రాకపోవడం ఒక ఎత్తు. పక్కన ఆవిడ లేకుండా మోకరిస్తే ఖాళీ చేసిన ఇంట్లో మాట్లాడినట్టు తన గొంతే తనకు తిరిగొచ్చేది. ఖాళీ ఇళ్ళు ఆయనకు కొత్త కాదు. తన ఇల్లు అట్లా వినపడ్డం మాత్రం కొత్త.

వెళ్ళి అడగొచ్చు. కానీ ఏమని అడుగుతాడు? డైరెక్ట్‌గా మాట్లాడతానన్నవాడు మాటలు అరువు అడగడమా?

ఇంతలో తమ్ముడి దగ్గర్నుంచి ఫోను. "అన్నయ్యా, వచ్చే ఆదివారం మావాళ్ళు నీ ఇంటికొస్తున్నారు. ప్రార్థన నువ్వే చెయ్యాలి. బట్టీ పట్టినవి వద్దు, మనసులోంచి రావాలి. నీకేం, నోరు తిరిగినవాడివి!"

సరిగ్గా ఆ మాటకే పడిపోయాడు తాళాలాయన. నిజమే కదా! రోజంతా మాట్లాడి బతికేవాడికి సొంత మాటలకు కరువా? తాళం వేసుండే ఇళ్ళను మాటలతో తెరిచినవాడు, దేవుడి దగ్గర తడబడతాడా?

ఆదివారం రానే వచ్చింది. తమ్ముడూ, వెనక అయిదారుగురు పెద్దమనుషులూ వచ్చి ముందుగదిలో వరసగా కూర్చున్నారు. వదినగారు అందరికీ టీలు ఇచ్చి, ఖాళీ గ్లాసులతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. అలమర మీద పునీతుడు ఉండే చోట దుమ్ములో గుండ్రటి మచ్చ మిగిలింది. తమ్ముడు దాన్ని ఓసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"అన్నయ్య ప్రారంభిస్తాడు," అన్నాడు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. తాళాలాయన కూడా మూసుకున్నాడు. మూసుకోగానే అలవాటు కొద్దీ చెయ్యి పక్క గోడకు ఆనింది.

"ప్రభువా! దయచేసి లోపలికి రండి. ఇది... ఇది మా ఇల్లు. పాతదే అయినా గట్టి కట్టడం. గాలీ వెలుతురూ ఉంది. నీళ్ళకు ఇబ్బంది లేదు. ఇరుగుపొరుగు మంచివాళ్ళు. మేం ఇద్దరమే ఉంటాం, గొడవ చేసేవాళ్ళం కాదు..."

ఎవరో కిసుక్కుమని, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. తాళాలాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆపుదామంటే నోరు ఆగదు, సాగిద్దామంటే దారి ఒక్కటే తెలుసు.

"...మార్కెట్టు దగ్గరే. బస్టాపు..."

ఇక బస్టాపు దగ్గర ఆయన కూడా దిగిపోయాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

అప్పుడు వంటింట్లోంచి, తలుపు పూర్తిగా తెరిచి, ఆవిడ గొంతు వచ్చింది. గట్టిగా కాదు. పక్కన కూర్చున్నవాళ్ళకు అందించినట్టు.

"పగటిని ఇచ్చిన దేవా, రాత్రినీ నువ్వే ఇవ్వు..."

తాళాలాయన మునిగిపోయేవాడు కొమ్మ పట్టుకున్నట్టు దాన్ని పట్టుకున్నాడు. కప్పు కింద ఉన్నవాళ్ళూ, కప్పు లేనివాళ్ళూ అయ్యారు. మూడో వాక్యం దాటాక ఆవిడ కొంచెం నెమ్మదించింది. ఈయన అర అడుగు వెనక నడిచాడు. "మాకంటే ముందు పడుకున్నవాళ్ళకు నిద్ర చెడకుండా చూడు. దారిలో ఉన్నవాళ్ళకు దీపం చూపించు." వచ్చినవాళ్ళు ఇది మనసులోంచి వస్తోందనే అనుకున్నట్టున్నారు, తలలు ఊపుతున్నారు.

తర్వాతది పునీతుడి వాక్యం.

ఆవిడ ఆగిపోయింది. మర్చిపోయి కాదు. అతిథుల ముందు భర్త మాట పోకూడదని, ఆ ఒక్క వాక్యం ఖాళీ వదిలి, అంత మేరా మౌనంగా కూర్చుంది. అది దాటాక మళ్ళీ అందుకుందామని.

ఆ ఖాళీలో తాళాలాయనకు విచిత్రం జరిగింది. ప్రార్థన మొత్తంలో తనకు అమ్మ గొంతుతో సహా గుర్తున్న వాక్యం అదొక్కటే. సంతలో చెయ్యి వదిలేసిన పిల్లవాడు, ఆ రాత్రి అమ్మ పక్కన నిలబడి గట్టిగా చెప్పిన వాక్యం. అది నోటి చివరిదాకా వచ్చింది. కళ్ళు తెరిచి తమ్ముడివైపు చూశాడు.

"పోయినవి వెతికిపెట్టే పునీతుడా," అన్నాడు, మెల్లిగానే అయినా స్పష్టంగా, "మా వస్తువులే కాదు..."

"...మమ్మల్ని కూడా వెతికిపెట్టు," అని తమ్ముడి నోటివెంట వచ్చేసింది.

పెద్దమనుషులు కళ్ళు తెరిచారు. తమ్ముడు అప్పుడే నిద్ర లేచినవాడిలా ఉన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని, "అమ్మది," అన్నాడు వాళ్ళతో. వంటింట్లో గొంతు మిగతాది పూర్తి చేసింది. ఆమెన్ మాత్రం తాళాలాయనే అన్నాడు, కిటికీలు అదిరేట్టు.

అందరూ వెళ్ళాక తమ్ముడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ తటపటాయించాడు. "వదినా, నేను డైరెక్టే. అందులో మార్పు లేదు."

"నిన్నెవరు కాదన్నారు చిన్నబ్బాయ్? వచ్చే వారం మీ ఆవిణ్ణి కూడా తీసుకురా."

అతను వెళ్ళాక ఆవిడ గ్లాసులు తుడుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఇంతకీ దేవుడికి ఇల్లు నచ్చిందా అండీ? అంత బాగా చూపించారు."

తాళాలాయన గుత్తి సర్దుకున్నాడు. "నచ్చిందన్నాడు. ఇంటావిణ్ణి ఒకమాట అడిగి చెప్పమన్నాడు."

ఆవిడ నవ్వు ఆపుకోడానికి గ్లాసును ఇంకోసారి తుడిచింది. ఈయన వంటింట్లోకొచ్చి, పునీతుడి వెనక గోడకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"చెమ్మ. మొత్తం చెమ్మే. జిగురు వేలు ఊడిపోతుంది ఇక్కడ ఉంటే."

"చల్లగా ఉంటుందనలేదేం?"

"బయటివాళ్ళకు అంటాను."

పునీతుణ్ణి రెండు చేతుల్తో ఎత్తుకుని ముందుగదిలోకి నడిచాడు. నేను మాత్రం డైరెక్టే సుమా, అని దారిలో ఆయనకే చెప్పాడు. అలమర మీది దుమ్ము చొక్కా చేత్తో తుడిచి, ఆ గోడను కూడా ఒకసారి తాకి చూసి, నిలబెట్టాడు.

"ఇక్కడైతే గాలీ వెలుతురూ బాగుంటుందండీ," అన్నాడు.

వెనకనుంచి ఆవిడ పీట తెచ్చి వేసింది.