కస్తూరక్క బల్లి

సాయంత్రం ట్యూబులైటు వెయ్యగానే మా వంటింటి గోడ మీద బల్లి టిక్కుటిక్కుమని పలికింది. ఏదో మాట్లాడుతున్న మా అత్తగారు వెంటనే వేలితో గట్టు మీద తట్టి, "చూశావా, నా మాట సత్యం" అన్నారు. నేను మాత్రం ఆ బల్లి పొట్ట వైపు చూశాను. లోకమంతా బల్లి పలుకులో శకునం వెతుకుతుంటే దాని పొట్ట చూసే పిచ్చి నాకు కస్తూరక్క వల్ల పట్టుకుంది.

కస్తూరక్క నెల్లూరు మైపాడు రోడ్డులో రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబు నడిపేది. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె ముందు "పరవాలేదు" అనే మాట ఎత్తితే ఉతికి ఆరేసేది. నేను చేరిన కొత్తలో ముత్తుకూరు నుంచి వచ్చిన ఒక రైతు నీళ్ల సీసా నా చేతికిచ్చి దిగాలుగా నిలబడితే, జాలేసి "పరవాలేదులే అన్నా" అన్నాను. అక్క లోపలి గదిలోంచి ఊడిపడింది.

"ఏందిమే పరవాలేదు? మూత తియ్యకముందే నీకు కలొచ్చిందా?" అని నన్ను కడిగేసి, రైతు వైపు తిరిగింది. "అన్నా, చూసినాక చెప్తాం. బాగలేకపోతే బాగలేదనే చెప్తాం. కూర్చో."

నాకు ఏడుపొచ్చింది. కానీ నా ఓదార్పుకు కుదుటపడని ఆ మనిషి ఆమె మాటకు బెంచీ మీద స్థిమితంగా కూర్చున్నాడు.

అలాంటి కస్తూరక్క రోజూ ఫోనులో అబద్ధం చెప్పడం ఆ ఏడాదే విన్నాను. భర్త పోయాక ఆమెకు మిగిలింది కూతురు హారిక ఒక్కతే. ఆ పిల్ల చెన్నైలో కాలేజీలో చేరుతూ, హాస్టల్లో ఒప్పుకోరని తన పెంపుడు బల్లిపిల్లను తల్లికి అప్పగించి వెళ్లింది. మన గోడ బల్లి కాదది. పసుపు ఒంటి మీద నల్లమచ్చలు, నేల మీదే నడుస్తుంది. పేరు పులి! తండ్రి పోయిన తర్వాత హారిక మళ్లీ నవ్వింది దాన్ని చూసేనని అక్క ఒకసారి చెప్పింది. కళ్ల ముందుంటుందని గాజుపెట్టెను ల్యాబులోనే పెట్టాం. అడుగున వెచ్చదనానికి కరెంటు పట్టీ, పైన జాలీ మూత, ఒక మూల గిన్నెలో దాని మేతకు పిండి పురుగులు.

పులి పెరగలేదు. వీటి తోక లావుగా ఉండాలట, ఒంట్లో కొవ్వంతా అందులోనే దాచుకుంటాయట. దాని తోక రోజురోజుకూ సన్నబడింది. నడవబోతే వెనకకాళ్లు వణికేవి. నెల్లూరు పశువుల డాక్టరుగారు "గేదెల్నీ కుక్కల్నీ చూస్తానమ్మా, దీన్నెప్పుడూ చూడలేదు" అని ఉన్నమాట చెప్పి, చెన్నై డాక్టరు ఒకాయన నంబరిచ్చారు. ఫోను చేస్తే, తింటోందా అని ఆయన అడిగారు.

"శుభ్రంగా తింటా ఉండాది సార్. సందేళ పెట్టిన గిన్నె తెల్లారేసరికి ఖాళీ" అంది అక్క.

పెట్టెలో రెట్టలు కూడా కనిపిస్తున్నాయన్నాం. అయితే కడుపులో నులిపురుగులేమోనని ఆయన మందు చెప్పారు. దాంతో ఏమీ మారలేదు. మా వైపు గుంటల్లో, వల బిగించిన పళ్లెంలో కాస్త మేత వేసి నీళ్లలోకి దించుతారు. చెక్ ట్రే అంటారు దాన్ని. అది ఖాళీగా పైకొస్తే రొయ్యలు తిన్నట్టే. ఆ నమ్మకంలోనే బతికేవాళ్లం కాబట్టి ఖాళీ గిన్నెను మేం అనుమానించలేదు.

రోజూ సాయంత్రమయ్యేసరికి హారిక ఫోను. "పులి ఎట్టుందిమా?"

"బాగుండాది. నువ్వు తిన్నావా?"

"తిన్నాలేమా."

ఒకరోజు నేను ఉండబట్టలేక, "అక్కా, అది బతకదేమో. ఆ పిల్లకు చెప్పండి" అన్నాను.

"నోరు మూసుకోమే" అంది, కానీ గొంతులో బిగువు లేదు. "వాళ్ల నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడూ బాగుండాడనే చెప్పినా దానికి, చివరిదాకా. ఇప్పుడు మళ్లీ ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

అప్పటిదాకా నాకున్నది బల్లి చచ్చిపోతుందన్న భయమే. ఆ పూట నుంచి వాళ్లిద్దరి గురించి భయం పట్టుకుంది.

ముసురు పట్టిన ఒక సాయంత్రం, లైట్లు వేసి, గిన్నెలో పురుగులు పోసి, వాన తెరిపిస్తే ఇంటికి పోదామని కూర్చున్నాం. కరెంటు పట్టీ తీగ కోసం జాలీ మూతకు ఒక సందు కోసి ఉంచాం. అందులోంచి బాగా బలిసిన గోడబల్లి ఒకటి పెట్టెలోకి దిగింది. దాని వెనకే ఇంకొకటి. రెండూ అత్తారింటికొచ్చిన అల్లుళ్లలాగా నేరుగా గిన్నె దగ్గరికెళ్లి మెక్కడం మొదలుపెట్టాయి. పులి మూలన నక్కి తలైనా ఎత్తలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనని నాకు ఆ కంగారులోనూ నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు. కుర్చీలోంచి లేచొచ్చి పెట్టె ముందు వంగింది.

"గిన్నెను చూసినానే గానీ, దాన్ని చూడలా" అంది.

గోడబల్లుల్ని తరిమి, సందులో గుడ్డ కుక్కి, పులిని అరచేతిలోకి తీసుకుని పట్టకారుతో నోటికి పురుగు అందించింది. అది మొహం తిప్పుకుంది. మళ్లీ అందించింది, మళ్లీ తిప్పుకుంది. చాలాసేపటికి నోరు తెరిచి పట్టుకుంది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ఫోను మోగింది. చేతిలో పులి ఉందని నన్ను స్పీకరు నొక్కమంది.

"హారికా, పులి బాగలేదు. ఇన్నాళ్లూ నీకు అబద్ధం చెప్పినా. గిన్నె ఖాళీ అయితే ఇది తిన్నదనుకున్నా. తిన్నది గోడబల్లులు."

ఆ పిల్ల తిడుతుందనుకున్నాను.

"అమ్మా" అంది హారిక. "నేనూ తినడంలా. ముద్ద దిగడంలా. నువ్వు బాధపడతావని తిన్నా అంటావుండా."

అక్క మర్నాడు తొలి బస్సుకే పులిని నాకప్పగించి చెన్నై వెళ్లి, చిక్కి సగమైన కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. కొన్నాళ్లు దగ్గరుంచుకుని కలిపి ముద్దలు పెట్టింది. పులి తోకకు కండ పట్టడానికి చాలాకాలం పట్టింది. ఆ పిల్ల బుగ్గలు నిండడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

కస్తూరక్క ఇప్పుడు లేదు. ల్యాబు నేను చూసుకుంటున్నాను. ట్రే ఖాళీ అయిందని ధీమాగా చెప్పే రైతుల్ని వల వేసి రొయ్య పేగులో మేత ఉందో లేదో చూసి రమ్మంటాను, వాళ్లు గొణుక్కుంటూ వెళతారు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముణ్ణి తిన్నావా అని అడగడం మానేశాను. వీడియో ఆన్ చెయ్యమంటాను. వాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ. మొహం చూసేదాకా నేను ఫోను పెట్టను.