మూడు బస్సుల సాక్ష్యం

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఒకటుంటుంది. దేవుడు తనకు చేసిన మేలును ఎవరికి వాళ్ళు లేచి చెప్పాలి. తుఫానులో పడవ తిరగబడి తెల్లవార్లూ కెరటాల మీద తేలినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. పాము కరిచి బతికినామె ఉంది. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాక లేచి కూర్చుని గంజి అడిగిన పెద్దాయన ఉన్నాడు. వాళ్ళు చెబుతుంటే పైన ఫ్యాన్లు కూడా నెమ్మదించి వింటున్నట్టు ఉంటుంది. నా వంతు వచ్చినప్పుడు నేను లేచి, "ఈ వారం కూడా బస్సును క్షేమంగా నడిపించిన దేవునికి స్తోత్రం" అని కూర్చుంటాను. జనం జాలిపడి ఆమెన్ అంటారు.

నా పేరు టైటస్. మా ఊరు కోట నుంచి కృష్ణపట్నం వైపు ఒక కరెంటు ప్లాంటుకు షిఫ్టు ఉద్యోగుల్ని చేరవేసే కంపెనీ బస్సుకు డ్రైవర్ని. నా జీవితంలో ఏమీ జరగలేదు. బ్రేకులు కూడా ఎప్పుడూ ఫెయిలవలేదు. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిలో నీళ్ళను తెల్లగా ఎగజిమ్ముతూ తిరిగే చక్రాలు, ఎండలోకి కరిగిపోయే పొగగొట్టాల పొగ. ఆ పొగ ఎక్కడ ఆగి మేఘమవుతుందో చూడాలని మెడ చాచి, వెనక సీట్లవాళ్ళ చేత తిట్లు తినడం తప్ప నాకంటూ చెప్పుకోదగ్గ సంఘటన లేదు. పాము కరిచినామెను చూసి అసూయపడిన మనిషిని నేను.

అలాంటివాడికి సుశీల్ కుమార్ సార్ దొరికాడు. ఒకప్పుడు టీవీ సీరియళ్ళలో హీరో. ఇప్పుడు తెల్లటి జుబ్బా వేసుకుని, ఫోన్లో కూర్చుని, జీవితాలు మారుస్తాడు. "నీ కథ ఇంకా మొదలు కాలేదు, అంతే" అన్నాడు ఒక వీడియోలో. నేను బండి పక్కకు ఆపి మళ్ళీ విన్నాను. లక్షలమంది చూస్తున్నారని కింద అంకె చెబుతూనే ఉంది. అంతమందిలో ఆయన నా ఒక్కడితోనే మాట్లాడుతున్నాడని నమ్మడానికి ఎంత తెలివి కావాలో నాకు సరిగ్గా అంతే ఉంది.

మా ఆవిడ ఎలిశబెతు పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసింది. "ఈయన సీరియల్లో రెండో దాని కోసం పెళ్ళాన్ని వానలో బయటికి గెంటినోడు కదయ్యా. అప్పుడు నువ్వే కదా తిట్టినావు."

"అది యాక్షన్ లేమే."

"మరి ఇదేంది?"

గొప్పవాళ్ళను అర్థం చేసుకోలేని ఆడది అనుకుని సర్దుకున్నాను.

సార్ నెల్లూరు వచ్చినప్పుడు సెలవు పెట్టి వెళ్ళాను. ఏసీ హాలు. అందరి మెడలో పేరు రాసిన కార్డులు. "రేపు రాబోయే విజయాన్ని నిన్ననే వచ్చేసినట్టు స్టేజీ మీద చెప్పండి. లోకం అదే నిజమనుకుని తెచ్చి ఇస్తుంది" అన్నాడు సార్. ఒక్కొక్కరే ఎక్కారు. ఒకాయన తాను కోటీశ్వరుణ్ణని చెప్పి, సిగ్గుపడి మైకు తిరిగి ఇచ్చేశాడు. ఒకామె కాగితం చూసి చదివింది. తర్వాత నన్ను పిలిచారు.

మైకు చేతిలోకి రాగానే నోరు దాని దారిన అది వెళ్ళిపోయింది. "ప్రభువు నామమున మీకందరికీ వందనాలు" అన్నాను. ఇక ఆగలేదు. ఇన్నేళ్ళుగా చెవుల్లో నిల్వ ఉన్న సాక్ష్యాలన్నీ ఒక్కసారి లేచాయి. పడవ మునిగినవాడి వణుకు, పాము కరిచినామె నిట్టూర్పు, గంజి అడిగిన పెద్దాయన మెత్తదనం. ఎవరూ లేనివాణ్ణి అన్నాను. చీకట్లో కూర్చున్నాను అన్నాను. ఒక మాట నన్ను లేపింది అన్నాను. ఒకరి కింద డ్రైవరుగా బతికిన నాకు ఈ రోజు మూడు బస్సులు ఉన్నాయన్నాను. వాటి రంగులు కూడా చెప్పాను. ఒకటి నీలం, ఒకటి తెలుపు, మూడోది పండిన జామకాయ రంగు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. హాలంతా ఏడ్చింది. సార్ నన్ను కౌగిలించుకున్నాడు. ఆ అత్తరు వాసన గురించి ఇంట్లో నేను ఇచ్చుకోవలసి వచ్చిన సంజాయిషీ వేరే కథ.

అదంతా సార్ మనుషులు వీడియో తీసి ఫోన్లలోకి వదిలారు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం నేను ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వాకిట్లో ఒక కుర్రాడు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"టైటస్ అన్నా! మాది చిల్లకూరు. ప్రవీణ్ నా పేరు. జయరామయ్య గారి రైస్‌మిల్లు లారీ తోలేవాణ్ణి. మీ వీడియో చూసినాక నిన్న తాళాలు ఆయన చేతిలో పెట్టేసి వచ్చినా. మీ బస్సుల్లో ఒకదాని మీద నన్ను వేసుకోండన్నా. జామకాయ రంగుదైతే ఇంకా సంతోషం."

"నాకు బస్సుల్లేవు తమ్ముడూ."

అతను నవ్వాడు. "సార్ ముందే చెప్పినాడన్నా. నిజంగా ఎదిగినోళ్ళు బయటికి చెప్పుకోరంట."

"నేను జీతానికి తోలతా."

"సొంత బండి మీరే తోలుకుంటా, పైగా జీతానికని చెప్పుకుంటా! అందుకే అంత పైకొచ్చినారు."

రేకుల ఇల్లు చూపించాను. ఎంత సింపుల్‌గా ఉండారన్నా అన్నాడు. వీధి మలుపులో షిఫ్టువాళ్ళను ఎక్కించుకుంటూ ఆగి ఉన్న బస్సు దగ్గరికి తీసుకెళ్ళి, దాని మీది కంపెనీ పేరు చూపించాను. "లీజుకిచ్చినారా?" అన్నాడు. నేను చెప్పే ప్రతి నిజమూ నా గొప్పతనానికి ఇంకో రుజువవుతోంది. అబద్ధాన్ని నాలుగు నిమిషాల్లో నిలబెట్టిన నోరు నిజాన్ని నిలబెట్టలేకపోయింది.

"ఇంట్లో చెప్పినావా?"

"ఇంకా లేదన్నా. రేవతికి ఏడో నెల. మీ దగ్గర చేరినాకే చెబుదామని. ఈ పూటకు నేను పోకపోతే ఓనరు ఇంకొకర్ని పెట్టుకుంటాడు. పెట్టుకోనీలే."

అప్పుడే నా ఫోను మోగింది. సూపర్‌వైజరు. ఆయన గొంతుకు స్పీకరు అక్కర్లేదు. "ఏం టైటస్, బండి ఇంకా కదల్లేదంటనే? పైకి రిపోర్టు రాసేదా?"

"వద్దు సార్. బయల్దేరతన్నా సార్. తప్పయిపోయింది సార్."

చూస్తుండగానే ప్రవీణ్ ముఖంలో నేను చిన్నవాణ్ణయ్యాను. అతను బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. "మరి ఆ ఏడుపేందన్నా?"

"ఏడుపు నిజమే తమ్ముడూ. బస్సులే లేవు."

అతని ఫోనుతోనే జయరామయ్యకు చేశాను. "అయ్యా, నేను టైటస్‌ని..."

"ఓ, మూడు బస్సులాయనా! నా డ్రైవర్ని ఎగరేసుకుపోయింది చాలక ఎగతాళి చేసే దానికి ఫోనొకటా?"

"లేవయ్యా, నాకు బస్సుల్లేవు..."

"నేనూ చూసినాలే వీడియో. అంత ఏడ్చినోడివి అబద్ధమాడతావా?"

క్యారియరు ఇవ్వడానికి వచ్చి అంతా వింటున్న ఎలిశబెతు నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అన్నా, నేను ఈయన పెళ్ళాన్ని. మూడు బస్సులుంటే నేను బిందె పట్టుకోని కుళాయి కాడ కొట్లాడతానా? ఈయన పేరు మీద ఉండేది ఒక్క సైకిలు. దానికీ స్టాండు ఇరిగిపోయి గోడకి ఆనించి ఉండాది. ఈయన బండి తోలేటప్పుడు మబ్బుల్ని చూస్తాడు, ఇంటికొచ్చి ఫోన్ని చూస్తాడు. మీ పిలగాడు ఈయన మాట నమ్మినాడంటే వాడికి ఎంత లోకం తెలుసో చూసుకోండి. కడుపుతో ఉండే పిల్ల ఉందంట. తాళాలు ఇచ్చేయన్నా."

అవతల ముందు దగ్గు, తర్వాత పెద్ద నవ్వు. "పంపించు తల్లీ. నీ మాట నమ్ముతుండా. సరుకెత్తే లోపల రమ్మను."

ప్రవీణ్ మిల్లుకు పోవడానికి గూడూరు ఆటో ఎక్కాడు. నా వైపు చూడలేదు. ఎలిశబెతుకు మాత్రం దణ్ణం పెట్టాడు. ఆమె క్యారియరు నా చేతిలో పెట్టి, "మజ్జిగ ఒంపుకోబాక" అని ఇంటి దారి పట్టింది.

నేను బస్సెక్కాను. లోపల కూర్చున్న షిఫ్టువాళ్ళు కిటికీల్లోంచి అంతా విన్నారు. సీటు సర్దుకుని, అద్దం తుడిచి, ఇంక తుడవడానికి ఏమీ మిగలక తాళం తిప్పాను.

వెనక సీట్లోంచి ఎవరో ఎంతో మర్యాదగా అడిగారు. "ఓనరు గారూ, పోనిస్తారా?"

బస్సంతా ఒక్కసారిగా నవ్వింది. నేను గేరు వేశాను.