తడి ఇసుక తూకం

మొన్న గోడ మరమ్మతుకని ఇంటి ముందు ట్రాక్టరు ఇసుక దింపించాను. దారిలో వాన పడింది కాబోలు, తడి వాసన గుప్పుమంది. తడిసిన సరుకు కదా, కాస్త తగ్గించమని డ్రైవరుతో బేరానికి దిగినదాన్ని, సగంలో మాట మరిచిపోయి నిలబడిపోయాను. ఆ వాసన నన్ను నర్సీపట్నం బడిలోకి, మూడో తరగతి గదిలోకి లాక్కుపోయింది.

శ్రావణమాసం. ఆ వారం మాకు తూకాల పాఠం. సోమవారం అప్పలనర్సమ్మ టీచరు గారు ఒక పాత త్రాసూ బకెట్టుడు ఇసుకా తెప్పించి గది మధ్యన పెట్టించారు. గచ్చు మీద మోకాళ్లానించి, ఒకరి తల ఒకరికి తగులుతుంటే, పేరంటం శనగల తడికి జేబులు నానుతుంటే, త్రాసు ముల్లు నిలబడే క్షణం కోసం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. కిటికీలోంచి వీధి చివర కాల్చే మొక్కజొన్న పొత్తుల వాసన, వెనక పాకలోంచి మధ్యాహ్న భోజనం సాంబారు పోపు కలిసి వచ్చేవి. వారమంతా బాగా తూచినవాళ్లే శనివారం ఇంటిగంట కొడతారని చెప్పారు టీచరు గారు. రైలు రాని మా ఊళ్లో, బడి వరండా దూలానికి గంటగా వేలాడే ఆ రైలుపట్టా ముక్కంటే నాకు ప్రాణం. పైగా అదే వీధిలో, నాలుగిళ్ల అవతల మా నాన్నది కిరాణా కొట్టు. త్రాసు పక్కనే పాకడం నేర్చినదాన్ని, నాకెదురెవరని విర్రవీగాను.

బుధవారం తూచి పెట్టిన గ్లాసుడు ఇసుక మీద ఆ రాత్రి బడి పైకప్పు కారింది. గురువారం మళ్లీ తూస్తే, నిన్న సరిపోయిన రాయి పైకి లేచిపోయింది. అదే ఇసుక, అదే రాయి. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. నేను చెయ్యెత్తాను.

“తడిస్తే బరువెక్కుతాదండి. మా నాన్న రోజూ పొద్దున్నే సింతపండు మీద నీల్లు సిలకరిస్తాడండి!”

టీచరు గారు మా కొట్లోనే సరుకులు కొంటారన్న సంగతి, అనేశాక గుర్తొచ్చింది.

“గంట నీదేనే వరలక్ష్మీ,” అన్నారావిడ, నవ్వు కొంగులో దాచుకుంటూ.

ఆ సాయంత్రం కొట్టుకొచ్చి, చింతపండు ముద్దని వేలితో నొక్కి చూశారు. “మీ అమ్మాయి ఈ రోజు మాకు మంచి పాఠం చెప్పిందండీ,” అంటూ జరిగిందంతా నాన్నకి చెప్పారు. సరుకుల కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లూ చెవులప్పగించి విన్నారు. నేను ఎండుమిరప బస్తాల వెనక దూరి తుమ్ములాపుకుంటున్నాను.

అందరూ వెళ్లాక నాన్న గొంతు వినబడింది. “బయటికి రాయే. ఇంకేటేటి సెప్పీసినావు?”

“ఇంకేటీ నేదు నాన్నా. కందిపప్పు సంగతి దాసీసినాను.”

కొడతాడనుకున్నాను. పెదవులు బిగించి, నవ్వుకి భుజాలు కదిలిపోతుండగా గోడవైపు తిరిగిపోయాడు.

శుక్రవారం పొద్దున చింతపండు దగ్గర నీళ్ల చెంబు కనబడలేదు. వీధిలో మాత్రం కనబడ్డవాళ్లల్లా నన్ను చూసి ముసిముసిగా నవ్వారు. శనివారం బడికెళ్లనని మంకుపట్టు పట్టాను. గంట మీద ఆశ చావలేదు కానీ, అది కొడితే నాన్న పరువు తీశానని ఊరంతా చాటినట్టుంటుందని ఏడుపొచ్చింది.

“ఎల్లు, బేగెల్లు,” అన్నాడు నాన్న పలకసంచీ నా భుజాన తగిలించి. “పరువెలాగూ పోనాది, గంటైనా దక్కాల గదేటి!”

సాయంత్రం బల్లెక్కి, ఇనపకడ్డీ రెండు చేతులా పట్టుకుని, చేతులు జుమ్మనేదాకా కొట్టాను. గేటు దాటి చూస్తే, బేరాలొదిలేసి నాన్న నడివీధిలో నిలబడి ఉన్నాడు, పక్కవాళ్లకి నన్ను చూపిస్తూ.

ఇప్పుడు టీచరు గారూ లేరు, నాన్నా లేడు. కొట్టున్న చోట సెల్‌ఫోన్ల షాపు వెలిసింది. ఆమధ్య నేనటుగా వెళ్తుంటే, బడిలో కరెంటు గంట దానంతటదే మోగి ఆగిపోయింది. వీధిలో ఒక్కరూ బయటికొచ్చి చూడలేదు.