గాలికి ఎదురు వెళ్లే ఓడ

మా బావగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను బందరు పక్కన గిలకలదిండిలో మా ఇంటి ముందు చేపలకు ఉప్పు పట్టిస్తున్నాను. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద వాలారట. అంతే. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక నా అనుమానాలు ఎవరిని అడగాలి?

ఆయన మా అక్క భర్త. మాది గోడకు గోడ ఇల్లు. వయసులో ఉండగా నేవీలో చేరి, విమానాలు దిగే ఓడ మీద చాలా ఏళ్లు పనిచేశారు. విమానం తోకకు కొక్కెం ఉంటుందట, ఓడపైన అడ్డంగా ఇనప తీగలు కట్టి ఉంటాయట. కొక్కెం తీగకు తగులుకుంటే విమానం ఆగుతుంది. ఆ తీగలు చూసుకోవడం ఆయన పని. చూడ్డానికి బాగానే ఉన్నా, లెక్క ప్రకారం ఇన్నిసార్లు వాడాక తీగ తీసేయాల్సిందేనట. మా బావి తాడు కూడా అలాగే మార్పించేవారు. "తెగాక మార్చడం మార్చడం కాదమ్మాయ్, బిందె వెతుక్కోవడం" అనేవారు.

అయిదో తరగతితో బడి మానేసిన నాకు ఈ ఓడ సంగతి ఎందుకు పట్టిందంటే, మా మనవరాలి వల్ల. అది నేవీ పరీక్ష రాసి నెగ్గింది. చేరాల్సిన రోజు దగ్గరపడుతుంటే "నానమ్మ ఊ అంటేనే వెళ్తాను" అని కూర్చుంది. సముద్రం మాకు కొత్త కాదు. కానీ చేపల వేటకెళ్లిన మా మరిది తిరిగి రాలేదు. ఆ ఊ నా నోట ఎలా వస్తుంది?

అందుకని రోజూ బావగారి అరుగు మీద చేరి ఒక అనుమానం అడిగేదాన్ని.

"విమానం దిగేటప్పుడు ఓడకి లంగరేస్తారా బావా?" అన్నాను మొదటిరోజు. సరుకు దించాలంటే మేం పడవకు లంగరేసి ఆపుతాం కదా.

ఆయనకు టీ పొలమారింది. "ఆపితే దిగడం ఎట్టాగే పిచ్చిమొహమా! గాలికి ఎదురు జోరుగా పోవాలి. అప్పుడే రెక్కలకి పట్టు దొరుకుద్ది."

"మరి కొక్కెం తగలకపోతే?"

"పూర్వమైతే వల కట్టేవాళ్లు. ఒక్కోసారి అదీ దాటి ముందున్న విమానాల్ని గుద్దేసేది."

"అమ్మో!"

"ఆ అమ్మో అన్నవాడెవడో ఉన్నాడు చూడు, వాడి వల్లే విమానం దిగే దారి మారింది."

నా చేట తీసుకుని, దాని మీద ఎండు నెత్తళ్ల చేపల్ని విమానాల్లా పేర్చి చూపించారు. మొదట్లో మామూలు ఓడ ముందు చెక్కలు పరిచి విమానాన్ని ఎగరేశారట. దిగడానికి చోటే లేదు. తర్వాత ఓడ పైభాగమంతా చాపలా చదును చేశారు. విమానాలు బరువెక్కాక ఆవిరితో విసిరే యంత్రం పెట్టారు. ముందున్న విమానాలకు తగలకుండా దిగే దారిని ఓరగా తిప్పారు. ఆ తర్వాతెప్పుడో, విమానం తేలిగ్గా పైకి లేవడానికి ముందు భాగాన్ని చేట అంచులా పైకి వంచారు. దిగేవాడు ఓడను తాకగానే ఇంజను తగ్గించడట, పూర్తిగా పెంచుతాడట. తీగ దొరికితే ఆగుతాడు. దొరక్కపోతే ఎదురుగా ఖాళీ సముద్రమే. లేచిపోయి, చుట్టు తిరిగి, మళ్లీ వస్తాడు.

"నీళ్లలో పడితే?" "పక్కనే హెలికాప్టరు సిద్ధంగా ఉంటది." "దారి కనబడకపోతే?" "దీపాలు చూపిస్తారు."

వంటింట్లోంచి మా అక్క అరిచింది. "నీ మరదలి ప్రశ్నలకి ఆ ఓడే సెలవు పెట్టి పోద్దయ్యా!"

ఆయన మాత్రం విసుక్కోలేదు. "ఆ ఓడ కథంతా నీలాంటివాళ్ల కథే. ఇట్టా అయితే ఎట్టా అని ఒకడు భయపడతాడు. ఇంకొకడు దానికో ఉపాయం కనిపెడతాడు. భయపడ్డవాణ్ణి ఇంటికి పంపేసుంటే ఓడ ఇంకా చెక్కల దగ్గరే ఉండేది" అన్నారు. మన మొదటి విమాన ఓడ ఇంగ్లండు వాళ్లు సగంలో వదిలేస్తే మనం కొని పూర్తి చేయించుకున్నదట. మన దేశంలోనే కట్టిన ఓడను టీవీలో చూపించిన రోజు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అయిపోయేదాకా కూర్చోలేదు.

నా భయాన్ని పనికొచ్చే వస్తువులా చూసిన మనిషి ఆయనొక్కరే.

చివరి సాయంత్రం అడిగాను. "ఇన్ని చేసినా ఏదైనా అయితే, బావా?"

ఆయన టీ గ్లాసు అరుగు మీద పెట్టారు. "అవుద్ది. మా ఓడ మీద అయింది కూడా. దానికి నా దగ్గర జవాబు లేదమ్మాయ్."

ఉందని అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. అందుకే మిగతావన్నీ నమ్మాను. "పిల్లకి ఊ అనేదీ లేనిదీ రేపు చెప్తాలే" అని లేచొచ్చాను. తెల్లారి కబురొచ్చింది.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మనవరాలు విస్తళ్లు తీస్తోంది. నేనే అన్నాను, "వెళ్లవే."

"నిజంగానా? భయం పోయిందా నానమ్మా?"

"ఎందుకు పోద్ది? నువ్వూ భయపడు. భయమేసినదల్లా అక్కడ పెద్దవాళ్లని అడుగు. నవ్వితే నవ్వనీ."

మొన్న మధ్యాహ్నం బందరు స్టేషన్లో రైలెక్కించాం. రైలు కదిలాక కూడా కిటికీ పక్కనే నడుస్తూ, తలుపు దగ్గర నిలబడొద్దని, చెప్పులు సీటు కిందకు తొయ్యమని చెబుతూనే ఉన్నాను. అది అన్నిటికీ తలూపుతోంది. ప్లాట్‌ఫారం అయిపోయింది. ఆఖరి మాట వినబడలేదు కాబోలు, ఊచలకు ముఖం ఆనించి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, నా వైపే చూస్తూ చిన్నదైపోయింది.