సాంచాల సెలవు రోజు లెక్కల పరీక్ష

ఆ కాలంలో మాకు దయ్యాలంటే అంత భయం ఉండేది కాదు. తెలుగు నేతగాళ్ళ పేట అయిన మా సోలాపూర్ నీలం నగర్‌లో పొద్దస్తమానం సాంచాలు, అంటే మరమగ్గాలు, చేసే చప్పుడుకు ఎంతటి దయ్యమైనా చెవులు మూసుకుని పక్క పేటకు పోవలసిందే. మేం భయపడింది ఎనిమిదో తరగతి చివర వచ్చే లెక్కల పరీక్షకు. అందులో నెగ్గినవాళ్ళకు తొమ్మిదో తరగతిలో బీజగణితం, భూమితి (రేఖాగణితాన్ని మరాఠీ బడిలో అలాగే అంటారు). నెగ్గనివాళ్ళకు ‘సామాన్య గణితం’. పేరు చూస్తే ఎంత సాధువుగా ఉందో! ఆ సాధువు పదో తరగతి దాకా చెయ్యి పట్టుకుని సుఖంగా నడిపించి, ఆ తర్వాత సైన్సు, డిప్లొమా అనే రెండు తలుపులూ మన మొహం మీదే వేసేసేవాడు. (ఇప్పుడు ఆ సామాన్యాన్ని ఎత్తేశారట. నేటి పిల్లలు ఇంకా అదృష్టవంతులో, ఇంకా అభాగ్యులో నేను చెప్పలేను.)

నాకు ఆ డిప్లొమా తలుపు తెరుచుకుని తీరాలి. ఎందుకంటే అంతకు ముందే మా బాపు నన్నొకసారి దుప్పట్ల డిజైన్లు తయారయ్యే ఆఫీసుకు తీసుకెళ్ళాడు. అక్కడొక మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుని చిన్న చిన్న గళ్ళు నింపుతూ నెమలి తోకను పుట్టిస్తోంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడ నవ్వి, ఈ పని చెయ్యాలంటే డిప్లొమా చదవాలి, దానికి పదిలో అసలు లెక్కలు ఉండాలి అని చెప్పింది. ఆ రోజు నుంచి నా కలలన్నీ గళ్ళ కలలే. అయితే మా పక్కింటి అక్క కూడా ఒకప్పుడు కలలు కన్నదే. సామాన్యం తీసుకున్న పాపానికి కాలేజీలో దరఖాస్తులు తీసుకునే కిటికీ దగ్గర నుంచే తిరిగొచ్చి, మా అరుగు మీద మా అమ్మ పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నా లెక్క తప్పిపోయి నేను తల పట్టుకున్నప్పుడల్లా అమ్మ తన చాటను కొంచెం పక్కకు జరిపి, “ఏం గాదు బిడ్డా, ఈడ జాగ ఉన్నది” అనేది. పాపం, ఓదార్పుగానే అనేది. నేను మాత్రం ఆ జాగా వైపు చూడకుండా లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసేదాన్ని.

ఇక మా లెక్కల సారు. ఆయనకు మేం పెట్టిన పేరు కర్కటక్. కంపాస్ పెట్టెలో రెండు కాళ్ళతో ఉంటుందే, గుండ్రాలు గీసేది, అదన్నమాట. ఆయన ఒక కాలు బల్ల దగ్గర పాతి, రెండో కాలు జరుపుకుంటూ తరగతినంతా ఒక చుట్టు చుట్టి చూసేవారు. ఆ చూపు ఎవరి దగ్గర ఆగితే వాళ్ళ పై ప్రాణాలు పైనే పోయేవి. ఒక్కనాడూ కొట్టలేదు, తిట్టలేదు. అసలు అదే భయం. కొట్టే సారు కొట్టాక వదిలేస్తాడు, ఈయన చూస్తూనే ఉంటారు. ఆయన పడమటి కనుమల అవతలి ఊరివారు, తెలుగు ముక్క రాదు. కానీ మనసు మెత్తన. ఆ మెత్తదనమే మా కొంప ముంచింది.

ఎలాగంటే, మా ఇంట్లో కింద సాంచాలు, పైన అటక మీద మేము. నేను ఎక్కాలు నేర్చింది ఆ టకటకల మీద, బీజగణితం మొదటి పాఠాలు నేర్చింది ఆ టకటకల మీద. సాంచా ఒక దెబ్బకు ఒక మెట్టు చొప్పున లెక్క దానంతటదే దిగేది. మా బడి కూడా సాంచాల సందులోనే ఉండబట్టి కిటికీల్లోంచి ఆ తాళం తరగతిలోకీ వచ్చేది. మాకు నిశ్శబ్దం అంటే శాంతి కాదు. సాంచా ఆగిందంటే పోగైనా తెగి ఉండాలి, కరెంటైనా పోయి ఉండాలి, ఎవరో ఒకరైనా పోయి ఉండాలి. అందుకే చప్పుడు ఆగగానే ఇంట్లో ఎవరు ఏ మూల ఉన్నా మొదట అడిగే మాట ఒకటే: “పోగు తెగిందా?” ఇదేమీ ఎరగని మా కర్కటక్ సారు, ఈ పిల్లలు పాపం ఎప్పుడూ గోలలోనే బతుకుతారు, ఒక్క పూటైనా ప్రశాంతంగా రాసుకోనీ అని జాలిపడి, ఆ పరీక్షను ఏరి కోరి సాంచాల వారపు సెలవు రోజున పెట్టారు.

ఆ ఉదయం తరగతిలోకి అడుగు పెట్టబోయి గడప దగ్గరే ఆగిపోయాను. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది! ఆ గడియారానికి చప్పుడుంటుందనే నాకు అప్పటిదాకా తెలియదు. కాగితం చేతికొచ్చింది. మొదటి లెక్క నిన్న రాత్రి చేసిందే. కానీ బుర్రలో ఏదీ కదలదు. వేరే పేటల నుంచి వచ్చిన పిల్లలు హాయిగా చకచకా రాసేస్తున్నారు. నా పక్కన కూర్చున్న కండె (ఇంట్లో ఎప్పుడూ కండెలకు నూలు చుట్టే నా స్నేహితురాలు, మనిషి కూడా కండెలాగే సన్నం) కాగితం వైపు గుడ్లప్పగించి చూస్తోంది. నాకు మా అరుగు కనిపించింది. అమ్మ చాట పక్కకు జరుగుతున్నట్టే ఉంది.

అప్పుడు నా కుడికాలు, నన్ను అడక్కుండానే, బెంచీ కింద టకటక్ టక్ అంది. మొదటి మెట్టు దిగింది. మళ్ళీ టకటక్ టక్. రెండో మెట్టూ దిగింది. ప్రాణం లేచొచ్చింది. కండె నా వైపు చూసి, సంగతి గ్రహించి తనూ కాలు కలిపింది. వెనక బెంచీ వాడు అందుకున్నాడు. ఆ వెనకవాడు వాడిని అందుకున్నాడు. కాసేపటికి నీలం నగర్ పిల్లలమంతా తలలు వంచుకుని, లోకం మరిచిపోయి, కాళ్ళతో ఒక కార్ఖానానే నడిపేస్తున్నాం. ఎంత బాగా నడుస్తోందో! సారు బల్ల మీద దెబ్బ కొట్టేదాకా ఆయన మా ముందే నిలబడి ఉన్నారని కూడా నాకు తెలియలేదు.

ఆయన అనుకున్నదీ సబబే. కాళ్ళతో సంకేతాలు పంపుకుంటూ జవాబులు చెప్పుకుంటున్నాం అనుకున్నారు. మొదలుపెట్టింది ఎవరని అడిగారు. అందరి కళ్ళూ నా కాలి మీదికే వచ్చాయి. మా కాగితాలన్నీ లాక్కుని, రేపు నీ తండ్రిని తీసుకురా, కాపీ అని తేలితే సామాన్య గణితమే అని నెమ్మదిగా మరాఠీలో చెప్పారు. అరిచినా బాగుండేది.

మర్నాడు బాపు పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. తల మీద దూది నూగు మాత్రం అలాగే ఉంది. బడి గేటు దగ్గర ఆగి, “కాపీ కొట్టినవా?” అన్నాడు.

“లే బాపు. సాంచా బంద్ ఉండె. దిమాక్ నడుస్తలేకుండె.”

తలూపాడంతే. లోపలికెళ్ళి హెడ్‌మాస్టరు గారికి నమస్కారం చెప్పాడు. జీవితమంతా సాంచాల మీదుగా మాట్లాడిన గొంతు కదా, బల్ల మీది గ్లాసు అదిరింది, కొట్లాట అనుకుని ప్యూను పరుగెత్తుకొచ్చాడు. బాపు మరాఠీలో మొదలుపెట్టి, హిందీలో కాసేపు ఈది, చివరికి తెలుగులో తేలాడు: “సారూ, సాంచా ఆగితె మా ఇంట్ల అందరికి గాబరనే. పోరి దొంగ గాదు. చప్పుడుల అడిగి సూడుండ్రి.” హెడ్‌మాస్టరు గారు మా సందులోనే పుట్టి పెరిగినవారు కాబట్టి నవ్వాపుకుంటూ ఆ మాటను పక్కనే కూర్చున్న కర్కటక్ సారుకు మరాఠీలో చెప్పారు.

సారు లేచి కిటికీ తెరిచారు. సందులోని సాంచాల చప్పుడంతా గదిలోకి వచ్చింది. కాగితం మీద ఒక లెక్క వేసి నా ముందుకు తోశారు. పులి ముందు కూర్చుని నెమరు వేసే మేక పరిస్థితి నాది. అయినా కాలు తన పని తను చేసింది, లెక్క మెట్టు మెట్టుగా దిగి తేలింది. సారు కాగితం చూడలేదు, అంతసేపూ నా కాలినే చూశారు. తర్వాత నిట్టూర్చి, కాలు కాదమ్మా, బుర్ర కదిలించడం నేర్చుకో అన్నారు. వారం తిరిగేలోగా అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టారు, ఈసారి సాంచాలు నడిచే రోజున, కిటికీలు బార్లా తెరిచి. నేను గట్టెక్కాను. కండె గట్టెక్కలేదు. నేనే ఎక్కువ ఏడ్చాను, అదే నన్ను ఊరుకోబెట్టింది. (సామాన్యంతోనే చదివి, జాకెట్లు కుట్టే దుకాణం పెట్టి, నాకంటే ముందు ఇల్లు కట్టుకుంది. తలుపులు రెండే ఉంటాయనుకున్నది నా తెలివితక్కువతనం.)

కథ అక్కడితో అయిపోలేదు. బోర్డు పరీక్ష సెంటరు పక్కన సాంచాలు ఉండవు కదా అని సారుకు మా కంటే ఎక్కువ బెంగ పట్టుకుంది. తొమ్మిది, పది రెండేళ్ళూ సాంచాల సెలవు నాడు మమ్మల్ని కూర్చోబెట్టి కేవలం నిశ్శబ్దంలో లెక్కలు చేయించారు. భూమితి కంటే నాకు ఆ నిశ్శబ్దమే కష్టమైన పాఠం. అందులో అత్తెసరు మార్కులతోనే పాసయ్యాను.

ఇప్పుడు నేను గళ్ళు నింపుతాను, నెమళ్ళు పుట్టిస్తాను. కింద సాంచాలు లేవు. బాపు వాటిని అమ్మేశాక ఇల్లు ఎంత మూగబోయిందంటే, ఆయనకు పగలు కునుకు పట్టడం మానేసింది. మొన్నొక మధ్యాహ్నం నేను ఇంట్లోనే కూర్చుని ఒక తోక అంచు కుదర్చలేక తంటాలు పడుతున్నాను. కాలు ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు, టకటక్ టక్ అని బల్ల కింద ఆడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే బాపు మంచం మీద హాయిగా గురక పెడుతున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కర్కటక్ సారు చూస్తే ఏమంటారో అనుకుని కాలు ఆపాను.

వెంటనే గురక ఆగింది. కళ్ళు తెరవకుండానే అడిగాడు: “పోగు తెగిందా, బిడ్డా?”

తోక అంచు లెక్క ఇంకా తేలలేదు. అయినా “లే బాపు, నడుస్తాంది, నువ్వు పండు” అని, మళ్ళీ కాలు ఆడించాను.