ఈశాన్యానికి జరిగిన ఇంప్లూవియం

2009 మార్చి 14, శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు వర్జీనియాలో హైస్కూలు లాటిన్ పోటీల నమూనాల పరిశీలన మొదలైంది. అప్పుడు నేను ఆష్‌బర్న్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లాటిన్ టీచర్ని. సంస్కృతం ఎం.ఏ.తో ఈ దేశం వచ్చాను. ఇక్కడ సంస్కృతానికి ఉద్యోగం లేదు, లాటిన్‌కి ఉంది. మళ్లీ చదువుకున్నాను.

మా స్కూలు తరఫున సాహితి అనే అమ్మాయి అట్టతో చేసిన రోమన్ ఇల్లు పోటీకి వెళ్లింది. అలాంటి ఇంట్లో నడిమి హాలును ఆట్రియం అంటారు. దాని కప్పు మధ్య ఖాళీ ఉంటుంది. అందులోంచి పడే వాన సరిగ్గా కిందనున్న తొట్టిలో చేరుతుంది. ఆ తొట్టి పేరు ఇంప్లూవియం. మండువా ఇల్లు ఎరిగినవారికి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. నమూనా మీద ఉత్తర దిక్కు గుర్తించాలి. కట్టడానికి డెబ్బై మార్కులు, గదులకు అతికించిన లాటిన్ పేర్లకు ముప్పై. పరిశీలకులు కప్పు మీద గ్లాసుడు నీళ్లు పోసి చూస్తారు.

సాహితి తండ్రి ప్రసాద్ గారు డేటా సెంటర్‌లో ఇంజినీరు. కూతురి చేత లాటిన్ మానిపించి కంప్యూటర్ క్లాసులో చేర్చాలని ఆయన పట్టుదల. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఫస్ట్ ప్రైజ్ వస్తే మూడో ఏడూ లాటిన్, రాకపోతే కంప్యూటర్. మూడో ఏటి క్లాసు నడవాలంటే పదిహేనుమంది ఉండాలి. సాహితితో కలిపి సరిగ్గా పదిహేనుమందే ఉన్నారు. అందుకని గురువారం నేనే నీళ్లు పోసి చూశాను. చుక్క కూడా బయట పడలేదు. శుక్రవారం నమూనా ప్రసాద్ గారి కారులో ఇంటికి వెళ్లింది.

శనివారం పరిశీలకుడు పోసిన నీళ్లు తిన్నగా ఆట్రియం నేల మీద పడ్డాయి. సాహితి నెల్లాళ్లు రంగులద్దిన నేల ఉబ్బి లేచింది. తొట్టి మాత్రం పొడిగా ఈశాన్యం మూలన ఉంది. కులీనా, అంటే వంటగది, ఆగ్నేయానికి చేరింది.

"నాన్నా, నువ్వు టచ్ చేశావా?"

"వాస్తు ప్రకారం ఇంటి నడుమ బ్రహ్మస్థానంలో గొయ్యి ఉండకూడదమ్మా. నువ్వు గెలవాలనే నిన్న సాయంత్రమంతా కూర్చుని ఫిక్స్ చేశాను. లేబుల్స్ కూడా కరెక్ట్‌గా మార్చాను, చూడు."

"మరి రూఫ్‌లో హోల్ మిడిల్‌లోనే ఉంది కదా!"

ఆయన నావైపు తిరిగారు. "మీరే చెప్పండి మేడమ్, ఆ రోమన్ల ఊరు పాంపేయీలో అందరూ వాళ్ల ప్లాన్ ప్రకారమే కట్టుకున్నారు. ఏమైంది? అగ్నిపర్వతం మీద పడింది."

ఆష్‌బర్న్‌లో అగ్నిపర్వతం లేదన్నాను.

లాటిన్ పేర్లకు ముప్పైకి ముప్పై వచ్చాయి. కట్టడానికి ఇరవై ఆరు. సాహితికి నాలుగో స్థానం. తప్పు తనదేనని ప్రసాద్ గారు నిజాయితీగా ఒప్పుకున్నారు. అయితే మాట మాటేనని సోమవారం అమ్మాయిని వచ్చే ఏటికి కంప్యూటర్ క్లాసుకు మార్పించారు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా పోటీకి వెళ్లే నమూనాలను ముందురోజు నా గదిలోనే పెట్టి తాళం వేశాను. పిల్లలంటే ఎంత ప్రేమున్న తల్లిదండ్రులైతే అంత గట్టి తాళం.

ఆ ఏడు పోయినవి: ఒక ప్రథమ బహుమతి, ఒక అట్ట నేల, పదిహేనుమందికి మూడో ఏటి లాటిన్.